ఈలింగ్ నవ్వుల కథ – 8: టీ కప్పులో మునిగిన ముఠా

పోయిన భాగంలో హాలండ్ చేతికి బేడీలు పడిన చోట ఆగాం. ఏళ్ల తరబడి బ్యాంకు బంగారానికి కాపలా కాసి, చివరికి ఆ బంగారాన్నే కరిగించి ఈఫిల్ టవర్ బొమ్మలుగా పోత పోయించి ఫ్రాన్సుకు దాటించిన గుమాస్తా కథ అది. 1951లో వచ్చిన ఆ ‘ది లావెండర్ హిల్ మాబ్’ రాయడానికి టి.ఇ.బి. క్లార్క్ నేరుగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కే వెళ్లి, మీ బంగారం కొట్టేయాలంటే ఎలాగండీ అని అడిగాడు. అక్కడి పెద్దమనుషులు కోప్పడకుండా, కూర్చుని ఆలోచించి మరీ దారి చెప్పారు. క్లార్క్‌కు ఆస్కార్ దక్కింది. ఈలింగ్‌కు దొంగలు కలిసొచ్చారు.

నాలుగేళ్ల తర్వాత, 1955లో, అదే స్టూడియో మరో దొంగల ముఠాను తెర మీదికి తెచ్చింది. ఈసారి బంగారం లేదు, పారిస్ లేదు. కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర కొట్టేసిన 60,000 పౌండ్ల నోట్లు, ఒంటరిగా బతికే ఒక ముసలావిడ ఇల్లు, ఆ ఇంటి వెనకాలే రైలు సొరంగం. అంతే సరంజామా. సినిమా పేరు ‘ది లేడీకిల్లర్స్’. ఈలింగ్ ప్రాంగణంలో తీసిన చివరి గొప్ప కామెడీ ఇదే. నన్నడిగితే, ఈలింగ్ తన తద్దినం తనే ముందుగా పెట్టుకుని, వచ్చినవాళ్లందరినీ నవ్వించి పంపిన సినిమా.

ముందు ఆ ఇంటి యజమాని సంగతి చూద్దాం. తెర మీది ఇల్లు కాదు, స్టూడియో. మైకేల్ బాల్కన్ 1938 నుంచి ఈలింగ్‌కు పెద్ద. బర్మింగ్‌హామ్ యూదు కుటుంబంలో పుట్టినవాడు. కుర్ర హిచ్‌కాక్‌కు మొదటిసారి దర్శకత్వం చేతిలో పెట్టినవాడు. జీతాలు తక్కువే ఇచ్చేవాడు గాని ఉద్యోగానికి భరోసా ఉండేది. దర్శకులు, రచయితలు, ఎడిటర్లు ఒకే గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని ఒకరి కథను ఒకరు చీల్చి చెండాడేవాళ్లు. ఆ వాదన అక్కడ తెమలకపోతే ఎదురుగా ఉన్న ‘రెడ్ లయన్’ పబ్బులోకి మారేది. లండన్ సినిమావాళ్లు ఈ స్టూడియోను వెటకారంగా ‘బాల్కన్‌గారి కుర్రకారు బడి’ అనేవాళ్లు. బడి అంటే క్రమశిక్షణ ఉంటుంది, నీతిపాఠం ఉంటుంది. తన సినిమాలు బ్రిటన్ మంచితనాన్ని లోకానికి చూపించాలని బాల్కన్ మనసారా నమ్మాడు.

ఆ బడిలో అల్లరి పిల్లాడు అలెగ్జాండర్ మెకెండ్రిక్. అందరికీ శాండీ. అమెరికాలో బోస్టన్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి ఫ్లూ జ్వరంతో పోతే స్కాట్లండ్‌లోని తాతగారింటికి చేరి గ్లాస్గోలో పెరిగాడు. అందుకే ఇంగ్లీషువాళ్లను ఎప్పుడూ కిటికీ బయటి నుంచి చూస్తున్నట్టే చూశాడు. అతని ‘విస్కీ గలోర్’లోనూ ‘ది మ్యాన్ ఇన్ ది వైట్ సూట్’లోనూ నవ్వు అడుగున ఒక ముల్లుండేది. బాల్కన్‌కు ఆ ముల్లు తగిలేది, కానీ కుర్రాడి పనితనం తెలుసు కనుక ఊరుకునేవాడు.

మెకెండ్రిక్‌కు తోడు దొరికిన రచయిత విలియం రోజ్ కూడా బయటివాడే. మిస్సోరీ రాష్ట్రం నుంచి వచ్చిన అమెరికన్. యుద్ధంలో కెనడా సైన్యంలో చేరి, ఆ దారిన ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాడు. ఒక రాత్రి రోజ్‌కు కల వచ్చింది. ఐదుగురు దొంగలు ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకు దిగుతారు, దోపిడీ చేస్తారు, ఆవిడకు తెలిసిపోతుంది, చంపాలనుకుంటారు, ఒక్కడికీ చేతులు రావు, చివరికి వాళ్లలో వాళ్లే చంపుకుని పోతారు. సినిమా మొదటి నుంచి చివరిదాకా తనకు కలలోనే కనిపించిందని రోజ్ జీవితాంతం చెప్పుకున్నాడు. కలలో వచ్చిందో, కలలో వచ్చిందంటే ఎవరూ మార్పులు అడగరని అన్నాడో గాని, ఈ కథకు కల లక్షణాలన్నీ ఉన్నాయి. ఇందులో జరిగేవేవీ జరిగేవి కావు, అయినా చూస్తున్నంతసేపూ ఇలాగే జరుగుతుంది అనిపిస్తుంది.

ఆరు ముఖ్య పాత్రల్లో ఐదు చచ్చే కథను కామెడీ అని ఒప్పించడం తేలిక్కాదు. పైగా రోజ్‌కూ మెకెండ్రిక్‌కూ మధ్యలో చెడింది. మాటామాటా పెరిగి రోజ్ స్క్రిప్టు వదిలేసి వెళ్లిపోయాడు. మిగిలిన పనిని మెకెండ్రిక్, నిర్మాణం చూసుకుంటున్న సెత్ హోల్ట్ కలిసి పూర్తి చేశారు. చంపుకోవడం గురించి సినిమా తీస్తూ రాసినవాడూ తీసినవాడూ పలకరించుకోని స్థితికి రావడం ఈ కథకు తగినట్టే ఉంది.

ఈ కల రోజ్‌కు 1950లలోనే ఎందుకు రావాలి? అప్పటి లండన్‌ను ఒకసారి చూస్తే అర్థమవుతుంది. యుద్ధం ముగిసి పదేళ్లైంది గాని ఊరు ఇంకా కోలుకోలేదు. బాంబులు పడ్డ చోట్ల పిచ్చిమొక్కలు మొలిచాయి. మాంసం మీద రేషన్ ఎత్తేసింది 1954 జూలైలో. అంటే ఈ సినిమా చూడటానికి వచ్చిన ఇల్లాలు ఏడాదిన్నర కిందటి దాకా రేషన్ పుస్తకం పట్టుకుని కసాయి దుకాణం ముందు నిలబడ్డ మనిషే. 1952 డిసెంబరులో బొగ్గు పొగ, మంచు కలిసి ఐదు రోజులు ఊరిని కమ్మేస్తే వేలమంది చచ్చిపోయారు. పొగకు పగ్గాలు వేసే చట్టం 1956 దాకా రాలేదు. సినిమాలో ఇంటి వెనక ఎప్పుడూ లేచే ఇంజను పొగను అప్పటి ప్రేక్షకుడు అలంకారంగా చూసి ఉండడు. అతను ఇంటికెళ్లి చొక్కా విప్పితే కాలరు మీద ఉండేది అదే మసి.

దొంగతనాలకూ కరువు లేదు. 1952 మే నెలలో లండన్ నడిబొడ్డున ఈస్ట్‌కాజిల్ వీధిలో పోస్టాఫీసు వ్యానును కార్లతో అడ్డగించి 2,87,000 పౌండ్లు ఎత్తుకుపోయారు. ఎవరి మీదా నేరం రుజువు కాలేదు. ‘లేడీకిల్లర్స్’లో దోపిడీ చూస్తుంటే ఆ వ్యాను గుర్తు రాని లండన్‌వాసి ఉండడు. మరో పక్క ఉరిశిక్ష మీద దేశమంతా వాదన నడుస్తోంది. 1955 జూలై 13న రూత్ ఎల్లిస్ అనే యువతిని ఉరి తీశారు. బ్రిటన్‌లో ఉరికంబం ఎక్కిన ఆఖరి మహిళ ఆమే. ఆ ఏడాది డిసెంబరులో ఐదు చావుల కామెడీ విడుదలైంది. జనం నవ్వారు. ఆ నవ్వులో కొంత తేలికపడటం కూడా ఉందని నా అనుమానం. ఇందులో చంపినవాడికి శిక్ష వేయడానికి న్యాయమూర్తి అక్కర్లేదు, తలారి అక్కర్లేదు. గూడ్సు రైలు వస్తుంది, తీసుకుపోతుంది.

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. కింగ్స్ క్రాస్ నుంచి ఉత్తరానికి పోయే రైళ్లన్నీ కోపెన్‌హేగెన్ సొరంగంలో దూరతాయి. ఆ సొరంగం నోటికి సరిగ్గా పైన ఫ్రెడరికా వీధి ముగుస్తుంది. అక్కడ ఈలింగ్ వడ్రంగులు ఒక వంకర ఇంటిని నిలబెట్టారు. లోపలి గదులు స్టూడియోలో వేసిన సెట్టు. ముందు తలుపు తీస్తే కనిపించే సెయింట్ పాంక్రాస్ స్టేషన్ గోపురాల దృశ్యం ఇంకో వీధిలో తీసింది. లండన్ పటం తెలిసినవాళ్లకు ఆ ఇంటి ముందుకూ వెనక్కూ పొంతన కుదరదు. ఇంట్లో ఒక్క గోడా నిటారుగా ఉండదు. యుద్ధంలో బాంబుల అదురుకు నేల కుంగిందని ఇల్లుగలావిడ కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతుంది. గోడ మీద ఫొటోను సరిచేస్తే మళ్లీ ఒరుగుతుంది. వంటింట్లో నీళ్లు రావాలంటే గొట్టాన్ని సుత్తితో కొట్టాలి. ముఠాలోని మొద్దు వస్తాదుకు ఆవిడ పేరు నోరు తిరగక ‘మిసెస్ లాప్‌సైడెడ్’ అంటాడు, పక్కకు ఒరిగినమ్మ అని. ఇంటినీ ఇల్లాలినీ ఒకే మాటలో పెట్టేశాడు మహానుభావుడు.

ఆవిడ అసలు పేరు మిసెస్ లూయీసా విల్బర్‌ఫోర్స్. లేత గులాబీ, లావెండర్ రంగుల దుస్తులు, చేతిలో మరిచిపోవడానికే పుట్టినట్టున్న గొడుగు. భర్త ఓడ కెప్టెన్. చైనా సముద్రంలో తుఫానులో ఓడతో పాటే మునిగాడు, అయితే ముందుగా చిలకల్ని మాత్రం పడవలోకి చేర్చాడు. ఆ చిలకలు ఇంకా ఆవిడతోనే ఉన్నాయి. అందులో ఒకదాని పేరు జనరల్ గోర్డన్, ఖార్టూమ్‌లో సామ్రాజ్యం కోసం చచ్చిన సేనాపతి పేరు. తన 21వ పుట్టినరోజు గురించి ఆవిడ చెబుతుంది. తండ్రి వాద్యబృందాన్ని పిలిపించాడు, వాళ్లు బొకెరినీ సంగీతం వాయిస్తున్నారు, ఇంతలో ఎవరో వచ్చి మహారాణి పోయిందన్నారు, అందరూ లేచి ఇళ్లకు వెళ్లిపోయారు, పుట్టినరోజు అక్కడితో సరి. విక్టోరియా రాణి పోయింది 1901 జనవరి 22న. చరిత్ర పుస్తకాల్లో ఒక యుగం ముగిసిన రోజు, మిసెస్ విల్బర్‌ఫోర్స్ లెక్కలో తన వేడుక చెడిపోయిన రోజు.

ఈ వేషానికి కేటీ జాన్సన్‌ను మొదట వద్దన్నారు. వయసు 76, షూటింగ్ తట్టుకోలేదని భయం. ఆవిడ కన్నా చిన్నదాన్ని ఎంచుకున్నారు. తీరా షూటింగ్ మొదలుకాకముందే ఆ చిన్నావిడ కన్నుమూసింది, ఈవిడకే కబురు వెళ్లింది. 1930ల నుంచి చిన్నాచితకా వేషాలతో నెట్టుకొచ్చిన మనిషి, అలెక్ గిన్నెస్ లాంటి ఉద్దండుల మధ్య నిలబడి ఆ ఏటి ఉత్తమ బ్రిటిష్ నటిగా బాఫ్టా బహుమతి పట్టుకెళ్లింది.

మరి ముఠా? నాయకుడు ప్రొఫెసర్ మార్కస్‌గా అలెక్ గిన్నెస్. పొడుచుకొచ్చిన కట్టుడుపళ్లు, పీలికలైన జుట్టు, నేల మీద ఈడ్చుకుపోయే మఫ్లర్. ఆ మఫ్లర్‌ను ముసలావిడ తొక్కేస్తూ ఉంటుంది, అతను ముందుకు కదలలేక ఇకిలిస్తూ ఉంటాడు. ఆలిస్టర్ సిమ్ అనే మరో గొప్ప నటుడి పోలికలు ఇందులో చాలామందికి కనిపించాయి. మేజర్ కోర్ట్నీగా సెసిల్ పార్కర్, మర్యాదస్తుడి ముసుగులో పిరికివాడు. లూయీగా హెర్బర్ట్ లోమ్, ముసలమ్మలంటేనే ఒళ్లుమంట ఉన్న కిరాతకుడు. ప్రేగ్‌లో పుట్టిన ఈ నటుడు అప్పట్లో లండన్ రంగస్థలం మీద ‘ది కింగ్ అండ్ ఐ’ నాటకంలో రాజు వేషానికి గుండు చేయించుకున్నాడు. సినిమాలో టోపీ తీయకపోవడానికి కారణం అదే. వస్తాదు వన్‌రౌండ్‌గా డానీ గ్రీన్. ఐదోవాడు హ్యారీ, అప్పటి టెడ్డీ కుర్రాళ్ల ఫ్యాషన్‌లో తిరిగే జులాయి. ఆ వేషం వేసిన పీటర్ సెల్లర్స్ అప్పటికి రేడియోలోనే పెద్ద పేరు. ఈ సినిమాలో చిలకల గొంతు కూడా అతనిదే. తొమ్మిదేళ్ల తర్వాత ‘ఎ షాట్ ఇన్ ది డార్క్’లో ఇదే సెల్లర్స్ ఇన్‌స్పెక్టర్ క్లూసోగా, ఇదే లోమ్ అతని వల్ల పిచ్చెక్కే పై అధికారిగా మళ్లీ కలిశారు.

ఈ ఐదుగురూ పై గది అద్దెకు తీసుకుంటారు. వాద్యబృందం అని చెప్పి గ్రామఫోనులో బొకెరినీ రికార్డు పెట్టి పథకం వేస్తుంటారు. కింద నుంచి అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, తలా ఒక వాద్యం లాక్కుని కూర్చుంటారు. తలుపు తీస్తే ఆవిడ. ‘టీ తాగుతారా, బాబూ?’

చాలామంది ఈ సినిమాను చేతకాని దొంగల కథ అంటారు. నేనొప్పుకోను. దోపిడీలో వాళ్లు ఒక్క తప్పూ చేయరు. వ్యానును అడ్డగించడం, సొమ్ము పెట్టెలోకి మార్చడం, ఆ పెట్టెను కింగ్స్ క్రాస్‌కు చేర్చి, ఊరంతా పోలీసులు కాపలా కాస్తుండగా ఇంటి యజమానురాలి చేతనే ట్యాక్సీలో తెప్పించడం, అన్నీ గడియారంలా నడుస్తాయి. చెడేదల్లా ఆవిడ మంచితనం వల్ల. గొడుగు మరిచిపోయానని ట్యాక్సీ వెనక్కి తిప్పిస్తుంది. దారిలో ఒక గుర్రం తోపుడుబండి మీది పళ్లు తింటుంటే బండివాడు దాన్ని కొడతాడు. ఆవిడ ఊరుకుంటుందా? దిగుతుంది. వీధి వీధంతా రణరంగం అవుతుంది. చాటున నక్కి చూస్తున్న దొంగలకు ముచ్చెమటలు. చివరికి ఆ 60,000 పౌండ్ల పెట్టెను భద్రంగా ఇంట్లో దించి, సెలవు తీసుకుని వెళ్లేది ఎవరనుకున్నారు? పోలీసులే.

ఇక కొంప మునగడం చిన్న చోట మొదలవుతుంది. సొమ్ము పంచుకుని సెలవు తీసుకుని బయటపడతారు. వన్‌రౌండ్ చెల్లో పెట్టె పట్టీ వీధి తలుపు సందులో ఇరుక్కుంటుంది. గుంజుతాడు. పెట్టె తెరుచుకుని నోట్లు గుమ్మం ముందు ఎగురుతాయి. ఆ క్షణంలో కూడా పారిపోయే వీలుంది. కానీ సరిగ్గా అప్పుడే ముసలావిడ స్నేహితురాళ్లు టీకి దిగుతారు, పూల టోపీల ముసలమ్మలు గుంపుగా. వాద్యగాళ్లు ఇంట్లోనే ఉన్నారు కదా, పరిచయం చేయకపోతే ఎలా? దోపిడీ చేసి వచ్చిన ఆ ఐదుగురూ కప్పూ సాసరూ పట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చిన కుర్రాళ్లలా మోకాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. పాట కూడా పాడతారు. జేబులో తుపాకీ ఉన్నవాళ్లు ఐదుగురున్నా, ‘ఇంకొంచెం టీ’ అంటే వద్దనగలవాడు ఒక్కడూ లేడు. సినిమా అంతా ఈ గదిలో ఉందని నా లెక్క. సభ్యత అనేది బ్రిటన్‌లో తుపాకీ కన్నా బలమైన ఆయుధమని ఒక అమెరికన్ రచయిత, ఒక స్కాట్ దర్శకుడు కనిపెట్టారు. ఇంగ్లీషువాళ్లకు అది అలవాటై కనిపించలేదు.

అతిథులు వెళ్లాక ఆవిడ పోలీసుల దగ్గరికి పోవాలంటుంది. ప్రొఫెసర్ అర్థశాస్త్రం విప్పుతాడు. సొమ్ముకు బీమా ఉంది, ఆ నష్టం పాలసీదారులందరి మీదా పంచితే ఒక్కొక్కరికి ఫార్దింగు పడుతుంది, కనుక ఈ డబ్బు వెనక్కి ఎవరికీ అక్కర్లేదు. ఫార్దింగు అంటే పెన్నీలో నాలుగో వంతు. ఆవిడ ఒప్పుకోదు. చంపక తప్పదని తేలుతుంది. ఎవరు చంపాలో తేల్చుకోవడానికి అగ్గిపుల్లలు తీస్తారు.

ఆ తర్వాత రాత్రంతా చావులే. పుల్ల వచ్చిన మేజర్ సొమ్ముతో కప్పెక్కి పారిపోబోయి పోతాడు. హ్యారీ ఆవిడను చంపేశాడనుకుని వన్‌రౌండ్ హ్యారీని చంపుతాడు. వన్‌రౌండ్ తుపాకీ ఎత్తి సేఫ్టీ క్యాచ్ తీయడం మరిచిపోతాడు. లూయీ కాళ్ల కింద నిచ్చెనను ప్రొఫెసర్ లాగేస్తాడు. అందరినీ దాటిన ప్రొఫెసర్ నెత్తిన రైలు సిగ్నలు చెయ్యి వాలుతుంది. కింద గూడ్సు వ్యాగన్లు ఒక్కొక్క శవాన్నీ అందుకుని ఉత్తరానికి పోతుంటాయి. ఎవరి కోసమైతే ఇంత మారణహోమమో ఆవిడ కుర్చీలో కునుకు తీస్తూ ఉంటుంది.

లేచి స్టేషనుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెబుతుంది. సూపరింటెండెంట్ నవ్వి, ఆ సొమ్ము మీరే ఉంచుకోండమ్మా అంటాడు. ఆయన నమ్మకపోవడానికి కారణం ఉంది. స్నేహితురాలి తోటలో వేరే గ్రహం నుంచి ఎవరో దిగారని కూడా ఇంతకుముందు ఈవిడే వచ్చి చెప్పింది. ఆ సూపరింటెండెంట్ వేషం జాక్ వార్నర్‌ది. ఈలింగ్ వాళ్ల ‘ది బ్లూ ల్యాంప్’లో దొంగ తూటాకు బలైన కానిస్టేబుల్ డిక్సన్ ఆయనే. ఆ పాత్రను బతికించి బీబీసీ 1955 జూలైలో టీవీ సీరియల్ మొదలుపెట్టింది. దేశమంతా నమ్ముకున్న పోలీసు మొహం అది. అలాంటి మొహంతోనే నిజాన్ని నవ్వుతూ తోసిపుచ్చించాడు మెకెండ్రిక్. కథల్లో దొంగ సొమ్ము దొంగకు దక్కకూడదన్నది అప్పటి సెన్సారు నీతి. హాలండ్‌కు బేడీలు అందుకే పడ్డాయి. ఇక్కడ దొంగలందరూ చచ్చారు కనుక నీతి నిలబడింది, సొమ్ము మాత్రం ఇంట్లోనే ఉంది.

ఇదంతా బ్రిటన్ గురించేనని మెకెండ్రిక్ తర్వాత తనే చెప్పాడు. కాలం చెల్లిన సైనికాధికారి వర్గం మేజరు, మొద్దు బలం వన్‌రౌండు, యుద్ధానంతర కుర్రకారు హ్యారీ, బయటినుంచి వచ్చి కలవలేకపోయినవాడు లూయీ, మతి చెడిన మేధావి ప్రొఫెసరు. వీళ్లంతా కలిసి కూలిపోయే ఇంట్లో కూర్చున్న విక్టోరియా కాలపు ముసలావిడను ఏమీ చేయలేకపోయారు. 1955 ఏప్రిల్‌లో చర్చిల్ పదవి దిగాడు. మరుసటి ఏడాదే సూయెజ్‌లో సామ్రాజ్యం పరువు పోయింది. అయినా ఆవిడను చూసి నవ్వుకోవడంలో ప్రేమ ఎంతుందో ఎత్తిపొడుపు ఎంతుందో విడదీయడం కష్టం. నాకు మాత్రం ఆ వంకర ఇల్లు ఈలింగే అనిపిస్తుంది, ఆ మొండి మంచితనం బాల్కన్‌దే అనిపిస్తుంది. యజమాని ముఖం మీదే ఆ మాట చెప్పి, ఆయన డబ్బుతోనే తీసి, ఆయన్నీ మెప్పించాడు శాండీ.

సినిమా ఆడింది. రోజ్‌కు స్క్రీన్‌ప్లే బాఫ్టా వచ్చింది, ఆస్కార్ నామినేషన్ కూడా. 2004లో కోయెన్ సోదరులు దీన్ని మిస్సిసిపీకి తీసుకెళ్లి టామ్ హ్యాంక్స్‌తో మళ్లీ తీశారు. అక్కడ వీధి మారింది, మతం మారింది, టీ పోయింది. టీ పోయాక ఇంకేముంది.

ఈలోగా ఈలింగ్ ఆవరణలో బేరం పూర్తయింది. అప్పుల భారం మోయలేక, తన సినిమాలను పంపిణీ చేసే ర్యాంక్ సంస్థ పెద్దలతో పొసగక బాల్కన్ స్టూడియోను 1955లోనే అమ్మేశాడు. కొన్నది ఎవరో కాదు, సినిమా హాళ్లను ఖాళీ చేయిస్తున్న టీవీకి పెద్దదిక్కైన బీబీసీ. సంతకాలకు ముందు ఏం జరిగిందో, ర్యాంక్‌లో జాన్ డేవిస్‌తో బాల్కన్ తగవు ఎక్కడ ముదిరిందో, మిగిలిన మనుషుల్ని వెంటబెట్టుకుని బోర్‌హమ్‌వుడ్‌లో ఎంజీఎం వాళ్ల పంచన చేరాక ఆ గుండ్రటి బల్ల ఎందుకు సాగలేదో వచ్చే భాగంలో చూద్దాం. అప్పటికి మెకెండ్రిక్ న్యూయార్క్‌లో ఉంటాడు, రాత్రిళ్లు బ్రాడ్‌వే వీధుల్లో ‘స్వీట్ స్మెల్ ఆఫ్ సక్సెస్’ తీస్తూ, నటుడూ నిర్మాణ భాగస్వామీ అయిన బర్ట్ లాంకాస్టర్‌తో తలపడుతూ. ఆ తగవులో ఒక్కరూ ‘ఇంకొంచెం టీ’ అనలేదు.